ఆ పాటలో డ్రమ్స్ వాయించిందెవరు

టేపు అబద్ధం చెప్పదు. పనిలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఈ మాట చెప్పేవాణ్ణి. చెప్పి, వాళ్ళు తలూపేదాకా ఆగేవాణ్ణి. ఆ మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని నేను ఒక మనిషికి చేసిన అన్యాయం కూడా ఉంది. పాత పాటల టేపులను కాపాడే ఈ పనిలోకి మన పిల్లలు కొందరు వస్తున్నారు. తక్కువమందే, అయినా వస్తున్నారు. జీతాల గురించీ ప్రమోషన్ల గురించీ వాళ్ళకు చెప్పడానికి వేరేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను ఒక పొరపాటు గురించి చెప్తాను.

కిటికీల్లేని గోదాము

మా ఆఫీసు అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో ఉండేది. కిటికీల్లేని గోదాము, బయట బోర్డు కూడా లేదు. ఒక పక్క సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఇంకో పక్క మనవాళ్ళ కిరాణా కొట్టు. మధ్యాహ్నం తలుపు తీస్తే కరివేపాకు వాసన లోపలికి వచ్చేది. లోపల మూడు చల్లటి గదులు, వాటి నిండా అరలు, అరల నిండా టేపు రీళ్ళు. రికార్డు కంపెనీలు తమ పాత మాస్టర్ టేపులను, అంటే పాటల అసలు రికార్డింగులను, మా దగ్గర దాచేవి. అవసరం పడినప్పుడు వాటిని బయటికి తీసి, జాగ్రత్తగా ఒకసారి ఆడించి, కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని.

ఆ ఒక్కసారి ఆడించడంలోనే పనితనమంతా ఉంది. కొన్నేళ్ళపాటు తయారైన టేపుల్లో వాడిన జిగురు తేమను పీల్చుకుని మెత్తబడిపోయింది. అలాంటి టేపును అలాగే మెషీన్‌కి ఎక్కిస్తే పాట టేపు మీంచి ఊడివచ్చి, గోధుమరంగు మడ్డిగా మెషీన్‌కి అంటుకుంటుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది. అలా ఒక గాయని గొంతు పోతుంది, ఒక వయొలిన్ పోతుంది. అందుకని ముందు ఆ రీలును చిన్న వేడి మీద గంటల తరబడి ఆరబెట్టాలి. మొదట్లో మా దగ్గర పళ్ళముక్కలు ఎండబెట్టే వంటింటి పెట్టె ఉండేది. దాంట్లోనే పెట్టేవాళ్ళం. తర్వాత మంచి ఓవెన్ వచ్చింది.

ఇప్పుడు ఆ గదులు లేవు. అద్దె ఒప్పందం అయిపోయాక కంపెనీ ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోయింది. నేను రిటైరై, పక్క ఊరు హెర్న్‌డన్‌లో ఇంటి దగ్గర ఉన్నాను. దేని మీదా బెంగ పెట్టుకునే మనిషిని కాననుకునేవాణ్ణి. కానీ ఒక్కటి మాత్రం రోజూ కావాలనిపిస్తుంది. పాట మొదలయ్యే ముందు టేపు మీద ఉండే ఆ రెండు మూడు క్షణాలు. సన్నటి హోరు, ఎవరో కుర్చీ జరపడం, ఎవరో గొంతు సవరించుకోవడం. ఇంకా ఎవరికీ పేరు రాని క్షణాలవి. కంపెనీలు రికార్డు మీద ఆ భాగాన్ని కత్తిరించేస్తాయి. ప్రపంచంలో దాన్ని వినేవాళ్ళం మేమొక్కళ్ళమే.

హార్లన్ తీగలు

నేను రేడియో రిపేరు తెనాలిలో ఒక చిన్న కొట్లో నేర్చుకున్నాను. వాదన మా ఊరి హేతువాద మిత్రుల ఆదివారం చర్చల్లో నేర్చుకున్నాను. ముందు మాటకు అర్థం తేల్చు, తర్వాత రుజువు అడుగు, ఆ తర్వాత తప్పించుకోవడానికి దారి లేకుండా చెయ్యి. అక్కడి పద్ధతి అది. తాయెత్తులు కట్టేవాళ్ళనూ చేతిలోంచి విభూతి తీసేవాళ్ళనూ ఆ పద్ధతితో ఎదుర్కొన్నాం, ఓడించాం. నా భార్య సరళ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం. నేను ఆ పద్ధతిని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాను.

నా మొదటి బాస్ హార్లన్. వెస్ట్ వర్జీనియా కొండల్లో పుట్టి, రేడియో స్టేషన్లలో పనిచేసి వచ్చినవాడు. "ముందు మెషీన్ తుడు. తర్వాత విను. నోరు విప్పడం ఆఖర్న" అనేవాడు. పక్క గదిలో టేపు తిరుగుతుంటే గోడకు ఇవతలి నుంచి విని, ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. నాకు వచ్చిన పనంతా ఆయన పెట్టిన భిక్షే.

అంతటి మనిషికి ఒక మూఢనమ్మకం ఉండేది. స్పీకర్లకు వెళ్ళే తీగల్లో శబ్దం ఒక దిక్కునే బాగా పారుతుందని నమ్మేవాడు. ప్రతి తీగ మీదా బాణం గుర్తు వేసేవాడు. తీగలు నేలకు తగలకూడదని వాటి కింద చిన్న చెక్కముక్కలు పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. వాస్తుకూ దీనికీ తేడా ఏముంది?

ఒకరోజు భోజనం వేళ అందరి ముందూ పరీక్ష పెట్టాను. తెర వెనక నేను తీగలు తిప్పి పెడుతూ ఉంటే ఏది సరైన దిక్కో ఆయన విని చెప్పాలి. పాపం, ఒప్పుకున్నాడు. సగానికి పైగా తప్పు చెప్పాడు. అందరూ నవ్వారు. ఒక బాబా శిష్యుణ్ణి వేదిక మీద నిలదీసిన రోజు ఎంత సంతోషపడ్డానో అంత సంతోషపడ్డాను.

మర్నాడు ఆయనే వంగి చెక్కముక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో వేశాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాతో శబ్దం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేనేదైనా అడిగితే "నీ దగ్గర మీటర్లు ఉన్నాయిగా" అనేవాడు.

తీగల విషయంలో నాదే రైటు. ఇవాళ అడిగినా అదే అంటాను, బాణం గుర్తుల్లో శాస్త్రం ఏమీ లేదు. కానీ ఒక చిన్న వాదంలో గెలవడానికి ఈ దేశంలోకెల్లా మంచి చెవులను నేను పోగొట్టుకున్నాను. ఈ సంగతి అర్థమయ్యేసరికి ఆయన కొండల్లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా నాకు పూర్తిగా బుద్ధి రాలేదని ఇకపై చెప్పబోయేది చదివితే మీకే తెలుస్తుంది.

మనిషి చెయ్యి తగలని పాట

రిటైర్మెంట్‌కి ముందు, చివరి ఏళ్ళలో ఒక ఇంగ్లండ్ జంట టేపులు నా బల్ల మీదికి వచ్చాయి. ఆ ఇద్దరి పేర్లు రాయకూడదని ఒప్పందం ఉంది, రాయను. ఒక కీబోర్డు మనిషి, ఒక గాయని. ఉత్తర ఇంగ్లండ్‌లో మిల్లులు మూతపడిన ఊరు వాళ్ళది. మొదట నలుగురు స్నేహితులు కలిసి గిటార్లతో బ్యాండు పెట్టారు. అప్పుడే రకరకాల వాద్యాల శబ్దాలు పలికించే సింథసైజర్లు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. కీబోర్డు అతను ఒకటి కొన్నాడు. ఇంకో ఏడాదికి డ్రమ్ మెషీన్ కూడా వచ్చింది. దాంతో నలుగురు ఇద్దరయ్యారు. బేస్ గిటార్ వాయించే అతను విడిపోయి వేరే బ్యాండు పెట్టుకున్నాడు. డ్రమ్స్ వాయించే అతను మెషీన్‌కి చోటిచ్చి తప్పుకున్నాడు.

ఆ ఇద్దరూ చేసిన ఒక పాట ఒక వేసవంతా అమెరికా రేడియోల్లో మోగింది. చల్లటి గొంతు, గడియారంలా కొట్టుకునే దరువు. వీడియోలో ఆమె పెదాలు కదలడం తప్ప ముఖంలో ఇంకేమీ కదలదు. "మా పాటలో మనిషి చెయ్యి లేదు" అని కీబోర్డు అతను ప్రతి ఇంటర్వ్యూలో చెప్పేవాడు. మూడు ఆల్బమ్‌ల తర్వాత విడిపోయారు. ఆయన ప్రకటనలకు సంగీతం చేసుకుంటున్నాడు. ఆమె పాడటం మానేసి ఊరికి వెళ్ళిపోయింది, కొన్నేళ్ళ కిందట చనిపోయింది.

నాకు ఆ పాట ఎంతో ఇష్టం. కళ్ళు మూసుకుని గిటార్ పట్టుకుని ఊగిపోయేవాళ్ళను చూస్తే నాకు పూనకాలే గుర్తొచ్చేవి. వీళ్ళు ఊగరు, ఏడవరు. లెక్క ప్రకారం తయారైన పాట ఇంత అందంగా ఉంటుందా అని మురిసిపోయేవాణ్ణి. ఈ ఇష్టాన్ని గుర్తుపెట్టుకోండి. న్యాయాధికారికి ముందే ఒక పక్షం మీద ప్రేమ ఉంది.

ఆ ఆల్బమ్‌ను కంపెనీ మళ్ళీ విడుదల చేయాలనుకుంది. దాంతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా వేస్తున్నారు. అప్పుడొక చిక్కు వచ్చింది. పాత డ్రమ్మర్ నార్మన్ కంపెనీకి ఉత్తరం రాశాడు, ఆ పాటలో తాను వాయించానని. కీబోర్డు అతను అదేం కాదన్నాడు. టేపు విని సాంకేతిక అభిప్రాయం రాయమని కంపెనీ నన్ను అడిగింది.

నార్మన్

నార్మన్ మాకు దగ్గర్లోనే, మనాసస్‌లో ఉంటున్నాడు. బేస్ గిటార్ మిత్రుడి బ్యాండుతో అమెరికా వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, హైస్కూల్ పిల్లలకు డ్రమ్స్ నేర్పి రిటైరయ్యాడు. టేపు ఆడించేటప్పుడు తానూ ఉంటానన్నాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకోవు. తెచ్చిన బిస్కెట్ల పెట్టెను రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి నాకు అందించాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"స్టూడియోలో అది నా ఆఖరి రోజు" అన్నాడు. "ఇక నువ్వు అక్కర్లేదని వాళ్ళు అప్పటికే చెప్పేశారు. గొడవేమీ లేదు. నేను సామాను సర్దుకుంటున్నాను. మెషీన్‌తో చేసిన పాట వినిపించి, మా గాయని అంది, 'కుట్టుమిషన్‌లా ఉంది నార్మన్, వెళ్ళేముందు దీని మీద ఒకసారి వాయించు' అని. ఒక్కసారే వాయించాను. రెండో చరణంలో చేతిలోంచి కర్ర జారిపోయింది. వెంటనే ఇంకోటి అందుకున్నాను. ఆవిడ నవ్వింది."

"రికార్డులో ఆ శబ్దం లేదే?"

"ఆ ముక్క తగ్గించేసి ఉంటారు. రికార్డు వచ్చాక విన్నాను. పైన మెషీన్, అడుగున నేను. వినిపించింది. నాకు వినిపించింది." బిస్కెట్ల పెట్టెను అరచేత్తో నా వైపు జరిపాడు. "నలభై ఏళ్ళుగా అందరూ కాదంటున్నారు. మా ఆవిడ కూడా, మర్యాదగానే అనుకోండి. ఇప్పుడు వింటే నాకే తెలియడం లేదు. అక్కడ నిజంగా నేనున్నానా, ఉండాలని కోరుకుంటున్నానా? నా బతుకులో అంత బాగా వాయించిన మధ్యాహ్నం ఇంకోటి లేదు. అది జరిగిందా లేదా, అంత చెప్పండి చాలు."

ఆ మనిషి అడిగింది అంతే. పుస్తకంలో పేరు వేయమనలేదు.

రీలు ఎక్కించాను. బాక్స్ మీద "ఒకటే రీలు" అని రాసి ఉంది. దాంట్లో ఇరవై నాలుగు ట్రాకులు, అంటే ఇరవై నాలుగు శబ్దాలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్కటే వినిపించాను. దరువులున్నవి నాలుగు, నాలుగూ మెషీన్‌వే. తెర మీద పెట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. మనిషి చెయ్యి అలా కొట్టలేదు. కర్ర పడిన శబ్దం ఎక్కడా లేదు. ఇరవై నాలుగో ట్రాకులో కీచుమనే మోత ఒకటి ఉంది. "అది డ్రమ్ మెషీన్‌ను టేపుతో కలిపి నడిపే సంకేతం" అని చెప్పి ఆపేశాను.

నార్మన్ తెర వంకే చూస్తూ ఉన్నాడు. "మరి కర్ర ఎవరు పడేసినట్టు?" అన్నాడు.

అప్పుడు నేనన్న మాట ఇది: "జ్ఞాపకం సాక్ష్యం కాదు, మిస్టర్ నార్మన్."

ఎంత చక్కటి వాక్యం! తెనాలి వేదిక మీదైతే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆయన లేచాడు. "తెలుసుకోవడం మంచిదే. థాంక్యూ" అన్నాడు. కోటు గుండీలు పెట్టుకోబోయి వేళ్ళు సహకరించక అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. బిస్కెట్లు బల్ల మీదే ఉన్నాయి. ఆ సాయంత్రమే ఒక పేజీ అభిప్రాయం రాసి పంపించాను. రెండుసార్లు చదువుకుని నా శైలిని నేనే మెచ్చుకున్నాను.

భాగ్య అడిగిన ప్రశ్న

చల్లటి గదుల్లో ఏ అరలో ఏ టేపు ఉందో ఆ జాబితా అంతా భాగ్యలక్ష్మి చేతిలో ఉండేది. కరీంనగర్ అమ్మాయి. హెర్న్‌డన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక మా దగ్గర చేరింది. దసరాకి నా మెషీన్‌కి బొట్టు పెట్టేది, నేను తుడిచేవాణ్ణి. ఏటా ఇదే తంతు.

"అన్నా, బొట్టు తుడిచినవా మల్ల?"

"కుంకుమ పొడి లోపల పడితే మెషీన్ పాడవుతుంది."

"లోపల ఎందుకు వడ్తది? సైడ్‌కు పెట్టిన. నాకు తెల్వదా?"

"సైడ్‌కి పెడితే బాగా పనిచేస్తుందని రుజువేంటి?"

"పనిచేస్తదని నేనన్ననా? దండం పెట్టిన, అంతే. నువ్వు పొద్దుగాల వచ్చి దానికి గుడ్ మార్నింగ్ చెప్తవ్ గద, దానికేం రుజువుంది?"

చెప్తాను, నిజమే. ఈ ఒక్క వాదంలో మాత్రం నేను ఎప్పుడూ గెలవలేదు.

నార్మన్ వచ్చి వెళ్ళిన మూడు వారాలకు భాగ్య ఆ ఆల్బమ్ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తోంది. ప్రతి ట్రాకూ కొంచెం విని, అందులో ఏముందో రాయాలి. మధ్యాహ్నం నేను పెరుగన్నం తింటుంటే వచ్చింది.

"అన్నా, గా ఇరవై నాలుగోది ఏంది? దోమ చెవుల దూరినట్టుంది. ఏం రాయాలె?"

"సంకేతం అని రాయి. అందులో రెండు రకాలుంటాయి. డ్రమ్ మెషీన్‌ని నడిపేది ఒకటి. అది రెండు స్వరాల మధ్య ఊగుతూ ఉంటుంది. ఇంకోటి కీచుమంటూ ఒకేలా సాగుతుంది. ట్రాకులు చాలనప్పుడు రెండు టేపు మెషీన్లను కలిపి..."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"గిది ఏ రకం?"

"మొదటిది."

"ఇన్నవా?"

"విన్నాను."

"మల్ల ఇంటవా ఒకపారి?"

చెయ్యి కడుక్కుని వెళ్ళి విన్నాను. కీచుమంటూ ఒకేలా సాగుతోంది. ఈ పనిలో రెండేళ్ళున్న ఎవరైనా ఇట్టే చెప్పగలరు. హార్లన్ అయితే గోడ అవతలి నుంచి చెప్పేవాడు. ఆ రోజు నా చెవిలో పడ్డదీ ఇదే శబ్దం. మెషీనే వాయించిందని అప్పటికే తేల్చుకుని ఉన్నాను కాబట్టి, దానికి ఆ పేరే పెట్టాను.

"అంటే ఏందన్నా?"

"అంటే ఇంకో రీలు ఉంది."

"ఒకటే రీలని రిపోర్ట్‌ల రాసినవ్ గద?"

"బాక్స్ మీద అలా ఉంది."

"బాక్స్ మీద ఉందని నమ్మినవా? నువ్వేనా?" పకపకా నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు పోయింది. "గా ముసలాయన తెచ్చిన బిస్కెట్లు మనమే తిన్నం అన్నా."

పిల్లలూ, ఈ పొరపాటుకు అజ్ఞానం కారణం కాదు. భక్తుడు రాయిలో దేవుణ్ణి చూసినట్టు నేను ఆ మోతలో డ్రమ్ మెషీన్‌ను చూశాను. తీర్పు ముందు ఇచ్చుకుని సాక్ష్యాన్ని దానికి తగ్గట్టు వంచాను. జీవితమంతా ఎవరిని తిట్టానో వాళ్ళ పనే చేశాను. పైగా దానికి కొలతలు చూపించాను. మూఢనమ్మకం విభూతి పూసుకుని వస్తే గుర్తుపట్టడం తేలిక. మీటరు పట్టుకుని వస్తే కష్టం.

రెండు రోజులు భాగ్యే వెతికింది. ఆ జంట పేరు మీద ఏమీ లేదు. నలుగురున్న పాత బ్యాండు పేరుతో వెతికితే, బేస్ గిటార్ మనిషి కొత్త బ్యాండుకు రికార్డులు వేసిన కంపెనీ మా దగ్గర దాచుకున్న సామానులో, మూడో చల్లటి గదిలో ఒక బాక్స్ దొరికింది. నాలుగు పాత పాటల పేర్లు మాత్రమే దాని మీద ఉన్నాయి.

"నాలుగు పాటలకు ఇంత టేపు ఎందుకన్నా? చూడు ఎంత లావుందో" అంది.

అదీ తర్కమంటే. అప్పట్లో కొత్త టేపు కొనలేని కుర్రాళ్ళు పాత రీలు చివర మిగిలిన భాగాన్ని వాడుకుని ఉంటారు. సొంతదారుల అనుమతి తీసుకుని రీలును ఓవెన్‌లో పెట్టాం. భాగ్య గంటగంటకూ వచ్చి "వడియాలు ఎండినయా?" అని అడిగి పోయేది.

ముందు మనమే వినేద్దామంది. "లేకుంటే ఆయన్ని పిలిచి మల్లొక్కసారి లేదని చెప్తవా? సచ్చిపోతడు" అంది. నేను ఒప్పుకోలేదు. ముందు నేను వింటే తీర్పు మళ్ళీ నా చేతిలోకి వస్తుంది. నార్మన్‌కి ఫోన్ చేశాను. ఇంకో రీలు దొరికింది, నేను వినలేదు, అందులో ఏమీ ఉండకపోవచ్చు, కిందటిసారి నేను చెప్పింది సగం సాక్ష్యం మీద చెప్పింది, ఆ తప్పు నాదే అన్నాను.

"మళ్ళీ లేదంటారేమో."

"అనాల్సి రావచ్చు."

"ఎన్నింటికి రమ్మంటారు?"

రెండో రిపోర్టు

ఆ పుస్తకం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో దాని గోల వద్దు. రెండో అభిప్రాయం రాశాను. మొదటిది చింపేయకుండా దానికి జతచేసి, ఏ శబ్దాన్ని విని దానికి ఏ తప్పు పేరు పెట్టానో రాశాను. పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది. అందులో ఇప్పటికీ "మనిషి చెయ్యి తగలని పాట" అనే ఉంది. కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఒక మూల రెండు వాక్యాల సవరణ వేసింది. కీబోర్డు అతను మాత్రం ఒక్క లైను ఉత్తరం పంపాడు: "నిజంగానే మర్చిపోయాను." నేను నమ్మాను. నలభై ఏళ్ళు ఒకే మాట చెబితే చెప్పినవాడికీ అదే నిజమైపోతుంది. మతాలన్నీ నిలబడింది అలాగే.

మీరు ఎప్పుడైనా పొరపాటు చేస్తే, చేస్తారు, పాత కాగితాన్ని పారేయకండి. కొత్తదాని పక్కనే పెట్టండి. తర్వాత వచ్చేవాళ్ళకు మీ జవాబు కంటే మీరు దారి తప్పిన చోటే ఎక్కువ పనికొస్తుంది.

ఆ మధ్యాహ్నం

నార్మన్ ఈసారి బిస్కెట్లు తేలేదు. గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. భాగ్య తలుపు దగ్గర నిలబడింది. రీలు ఎక్కించి ఆడించాను.

ముందు ఆ నాలుగు పాత పాటలు వచ్చాయి. గిటార్లు, అరుపులు, శ్రుతి కూడా సరిగా లేదు. "దేవుడా, ఎంత ఘోరంగా ఉన్నాం" అని నార్మన్ కొంచెం నవ్వాడు. తర్వాత ఖాళీ టేపు. సన్నటి హోరు. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అవి ఎంత పొడవైన క్షణాలో నాకు అప్పుడు తెలిసింది.

ఎవరో స్టూలు ముందుకు జరుపుకున్నారు. చెక్క నేల మీద స్టూలు కాళ్ళు రాసుకున్నాయి. తర్వాత, ఎవరి హెడ్‌ఫోన్లలోంచో సన్నగా వస్తున్న మెషీన్ దరువు మీద డ్రమ్స్ మొదలయ్యాయి. మెషీన్ దరువుకు అంటీ అంటకుండా, ఒకచోట కొంచెం వెనకబడుతూ, ఇంకోచోట ముందుకు తోస్తూ. ఇన్నేళ్ళుగా ఆ పాటలో నేను ఇష్టపడింది దేన్నో అప్పుడు తెలిసింది. లెక్క ప్రకారం తయారైందని మురిసిపోయిన ఆ అందం ఈ చేతులది.

రెండో చరణంలో కర్ర టకటకమంటూ నేల మీద దొర్లింది. రెండు దెబ్బల ఖాళీ. ఆ ఖాళీలో ఒక అమ్మాయి నవ్వింది. వీడియోలో ముఖం కదలకుండా పాడే ఆ గాయని, ఆపుకోలేక, ముక్కుతో శబ్దం చేస్తూ నవ్వింది.

"అది నేనే" అంటాడనుకున్నాను.

"ఆవిడ అలా నవ్వేదని మర్చిపోయాను" అన్నాడు.

పాట అయిపోయింది. నేను ఆపబోతే వద్దన్నట్టు చెయ్యెత్తాడు. టేపు తిరుగుతూనే ఉంది. మైకులో దూరంగా ఆమె గొంతు వచ్చింది: "బాగుంది. ఇంకోసారి చేద్దామా నార్మన్?" ఇరవై రెండేళ్ళ కుర్రాడి గొంతు జవాబిచ్చింది: "వద్దులే, బస్సు వెళ్ళిపోతుంది." తలుపు చప్పుడు. టేపు చివర రీలు మీంచి జారి గాల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను లేచి మెషీన్ ఆపాను. భాగ్య అటు తిరిగి నిలబడింది. నార్మన్ తన చేతులు చూసుకుంటున్నాడు. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుని ఉంచుకున్నాను. చక్కటి మాటలే. వాటిని పక్కన పెట్టేశాను. నాకు చాతనైన పని ఒకటే మిగిలింది.

"ఇంకోసారి వెయ్యనా?" అన్నాను.

ఆయన కోటు విప్పి కుర్చీ వెనక వేసుకున్నాడు.

"వెయ్యండి" అన్నాడు. "బస్సు పోతే పోయింది."